పచ్చబొట్టు పచ్చిగా ఉన్నప్పుడు

పచ్చబొట్టు గురించి సాహిత్యంలో ఎక్కడ చదివినా దాదాపుగా రెండు క్షణాలే కనిపిస్తాయి. ఒకటి సూది దిగే క్షణం. రెండోది గుర్తు తేటగా బయటపడే క్షణం. ఈ రెండింటి మధ్య కనీసం రెండు వారాలు గడుస్తాయి. చర్మం ఎర్రబడి, రసి కారి, బిగుసుకుపోయి, పక్కు కట్టి, సిరా రంగు పొట్టుగా రాలి, దురదపెట్టి, మళ్ళీ చర్మంగా మారే రోజులవి. కథకులకి ఆ రోజులతో పని పడినట్టు లేదు. విమర్శకులం మనమూ వాటి దగ్గర పెద్దగా ఆగలేదు. అలా దాటేసిన రోజుల గురించే ఈ వ్యాసం.

దీన్ని చిన్న విషయమని తీసిపారెయ్యడానికి వీల్లేదని నేననుకుంటున్నాను. ఎందుకంటే స్త్రీవాద విమర్శ చాలాకాలంగా ‘దేహం ఒక పాఠం’ అనే భావన మీద ఆధారపడుతూ వచ్చింది. స్త్రీ శరీరం మీద కులం, కుటుంబం, మతం, రాజ్యం తమ రాతలు రాస్తాయని, ఆ రాతల్ని చదవడమే విమర్శ పని అని చెప్పుకున్నాం. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ మాట ఎన్ని పుస్తకాల్లో చదివానో లెక్కలేదు. ఆ భావన మనకు చేసిన మేలు తక్కువేం కాదు. సహజం అని చెప్పి మనల్ని నమ్మించిన వాటిల్లో ఎన్నో నిజానికి ఎవరో రాసిపెట్టినవని అది చూపించింది. కానీ ఆ ఉపమానంలో శరీరానికి దక్కిన పాత్ర కాగితం పాత్ర. కాగితం రాత పడేదాకా ఖాళీగా ఉంటుంది, పడ్డాక దాన్ని మోస్తుంది. దానికి జ్వరం రాదు, దురద పుట్టదు. చర్మం అలా ఊరుకోదు. తన మీద రాసినదాన్ని గాయంగా తీసుకుంటుంది, దానితో పని చేస్తుంది. ఆ పనిని లెక్కలోకి తీసుకోని విమర్శ, ఇంటి చాకిరీని లెక్కలోకి తీసుకోని అర్థశాస్త్రం లాంటిదే అవుతుంది.

పచ్చబొట్టు కథల్లో బాగా పేరున్నది జపాన్ రచయిత జునిచిరో తానిజాకి 1910లో రాసిన ‘షిసెయ్’. సెయ్‌కిచి అనే పచ్చబొట్ల కళాకారుడు ఒక అమ్మాయికి మత్తుమందు ఇచ్చి, ఆమె వీపు నిండా పెద్ద సాలీడు బొమ్మ పొడుస్తాడు. ఆమె అనుమతి లేదు. తెలివి వచ్చాక రంగులు తేలడం కోసం ఆమె వేడినీళ్ళ స్నానం చెయ్యాలి. పచ్చి చర్మం మీద వేడినీళ్ళు పడ్డప్పుడు ఆమె తట్టుకోలేకపోతుంది. తన బాధను మగవాడు చూడటం ఇష్టంలేక అతన్ని పైకి వెళ్ళి కూర్చోమంటుంది. చెయ్యి అందించబోతే తోసేస్తుంది, నేలమీద పడి మూలుగుతుంది. అతను చెప్పినట్టే వెళ్ళిపోతాడు. కాసేపటికి ఆమె ముస్తాబై, మగవాళ్ళని ఎర చేసుకునే అందగత్తెగా మారి మేడమీదికి వస్తుంది. ఈ కథ మీద జరిగిన చర్చంతా ఆ ముగింపు చుట్టూ, ఎవరు ఎవరిని జయించారన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నాకు మాత్రం ఆ స్నానాలగది ముఖ్యమనిపిస్తుంది. సెయ్‌కిచి పైకి వెళ్ళిపోగానే కథ కూడా అతని వెంటే వెళ్ళిపోతుంది. తలుపు వెనక ఆమె తన చర్మంతో ఎలా వేగిందో కథకి తెలియదు. రెండు వారాలు పట్టే పని తానిజాకి ఒక్క స్నానంలో ముగించాడు. మగ చూపుకి అందని చోటు ఒకటుందని మాత్రం ఆమె నోటితోనే చెప్పించాడు. ఆ నిజాయితీకి మెచ్చుకోవచ్చు.

కాఫ్కా 1919లో అచ్చు వేయించిన ‘శిక్షా స్థావరంలో’ అనే కథలో మానడం అన్న ప్రసక్తే లేదు. అక్కడి యంత్రం ఖైదీ ఒంటి మీద అతను మీరిన ఆజ్ఞను సూదులతో రాస్తుంది. పన్నెండు గంటలు రాస్తుంది. ఆరో గంట దగ్గర ఖైదీ తన గాయాలతోనే ఆ రాతను చదవడం మొదలుపెడతాడని అధికారి మురిసిపోతూ వివరిస్తాడు. తర్వాత శవాన్ని గోతిలో పడేస్తారు. గమనించవలసింది ఏమిటంటే, ఆ యంత్రంలో నీళ్ళున్నాయి, దూది కూడా ఉంది. నీళ్ళు రక్తాన్ని కడుగుతాయి, దూది దాన్ని పీల్చుకుంటుంది. ఇవి గాయానికి సేవ చేసే వస్తువులు. ఇక్కడ అవి చేసేది రాత ఆగకుండా చూడటం. ఇంకా లోతుగా రాయడానికి చర్మాన్ని సిద్ధం చేస్తాయి. సేవని దాని ప్రయోజనం నుంచి విడదీస్తే అది హింసకి పనిముట్టు అవుతుందని ఇంత స్పష్టంగా చూపించిన రచన నాకు మరొకటి తెలియదు. ‘దేహం పాఠం’ అనే ఉపమానాన్ని చివరిదాకా లాక్కుపోతే చేరేది ఈ యంత్రం దగ్గరికే. దానికి కావలసింది చదవదగిన చర్మం మాత్రమే, బతికే చర్మంతో దానికి పనిలేదు.

మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో రాసిన ‘ద వుమన్ వారియర్’లో ఒక స్త్రీ చేతికి కొంత చోటు దొరుకుతుంది. యుద్ధానికి వెళ్ళే కూతురి వీపు మీద అమ్మానాన్నలు తీర్చుకోవలసిన పగలనీ, పేర్లనీ చెక్కుతారు. తండ్రి సిరాతో రాసి, కత్తితో కోస్తాడు. తల్లి రక్తం పట్టి, సారాలో తడిపిన గుడ్డతో గాయాలు తుడుస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ ఆమెకు సేవ చేస్తారు. ఆ సేవ ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. కూర్చోగలిగాక తల్లి అద్దాలు తెచ్చి వీపు చూపిస్తుంది. స్త్రీవాద విమర్శకు ఎంతో ప్రియమైన దృశ్యం ఇది. స్త్రీ తన శరీరాన్ని ఆయుధంగా, చరిత్రగా మార్చుకోవడం గురించి ఎన్నో పేజీలు రాసుకున్నాం. తల్లి చేతిలోని గుడ్డ గురించి ఎన్ని రాశాం? రాసినవాడు తండ్రి కాబట్టి రచయిత అతనే అనుకుంటాం. ఆ అక్షరాలు చీము పట్టకుండా అక్షరాలుగా నిలిచింది ఎవరివల్ల?

మన భాష ఈ విషయంలో కథకులకంటే మెలకువగా ఉంది. తెలుగులో పచ్చదనం, పచ్చితనం ఒకదానికొకటి చాలా దగ్గర. కాయ పచ్చిగా ఉంటుంది, పుండు పచ్చిగా ఉంటుంది. కొత్తగా కాన్పయిన మనిషిని పచ్చి బాలింత అంటాం. పచ్చి అన్న మాట అతికితే చాలు, ఆ మనిషి విషయంలో కొన్ని బాధ్యతలు వచ్చిపడతాయి. గాలి తగలనివ్వరు, చన్నీళ్ళలో చెయ్యి పెట్టనివ్వరు, బరువు ఎత్తనివ్వరు. బాలింత పథ్యాల మీద మనకు ఎన్ని విమర్శలున్నా, ఇంకా మానని ఒంటికి కొన్నాళ్ళు పని తప్పించాలన్న గుర్తింపు ఆ మాటలో ఉంది. పచ్చబొట్టుకి ఆ పేరు ఆకుపచ్చ రంగు వల్లనే వచ్చినా, అది పొడిచిన రోజున మాత్రం పచ్చి గాయమే. దాన్ని మాన్పే తీరు కూడా ఈ జ్ఞానంలో భాగమే. దీపం మసి, చనుబాలు, ఆకు పసరు, సూదుల కట్ట, పైన పసుపు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి చేసిన ఈ పనిలో సూది ఎంతో పసుపు అంత.

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మకి ముంజేతి మీద ఒక తేలు, దాని పక్కన మూడు చుక్కలు ఉండేవి. పదేళ్ళ వయసులో పొడిపించుకుందట. నేను ఎప్పుడు అడిగినా సూది సంగతి చెప్పేది కాదు. “ఏడ్చానో లేదో ఇప్పుడేం గుర్తుంటుందే. మా అమ్మ నన్ను తొమ్మిది రోజులు బిందె ఎత్తనీలేదు, అదే గుర్తు” అనేది. ఆమె చిన్నతనంలో నీళ్ళు మొయ్యని తొమ్మిది రోజులు అవేనేమో. ఆ వెంటనే ఇంకో మాట చెప్పేది. వాళ్ళ పొలంలో పనిచేసే వాళ్ళ అమ్మాయి కూడా అదే రోజు, అదే తేలు పొడిపించుకుంది. “అది మర్నాడే నాట్లకి పోయింది. బురదలో నాని చెయ్యంతా చీము పట్టింది. దాని తేలుకి తోకే లేదు.”

అమ్మమ్మ తనతో సమానమైన వయసున్న ఆమెను ‘అది’ అనడంలో కులం ఎంత ఉందో, ఆ తోక లేకపోవడంలోనూ అంతే ఉంది. పొడిచింది ఒకే చెయ్యి, ఒకే మసి, ఒకే బొమ్మ. తేడా అంతా తర్వాతి తొమ్మిది రోజుల్లో వచ్చింది. ఒకరికి పక్కు కట్టి రాలే వ్యవధి దొరికింది. ఇంకొకరికి ఆ వ్యవధి కూలీ కింద కోతపడింది. ఏళ్ళ తర్వాత ఆ చేతిని చూసినవాళ్ళు ‘బొమ్మ సరిగా పడలేదు’ అనుకుని ఉంటారు. దేహాన్ని పాఠంగా చదివే విమర్శకురాలైతే తోకలేని తేలుకి ఏదైనా ప్రతీకార్థం వెతుకుతుంది. అక్కడ ప్రతీక లేదు. నాట్ల పని ఉంది.

నేను ముప్ఫై నాలుగో ఏట హైదరాబాదులో అదే తేలుని, అవే చుక్కల్ని నా ముంజేతి మీద వేయించుకున్నాను. వేసిన అబ్బాయి ఒక కాగితం చేతికిచ్చాడు. మానేదాకా పాటించవలసిన జాగ్రత్తలు అందులో ఉన్నాయి. రోజూ మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టాలి. నీళ్ళలో నాననివ్వకూడదు. ఎండ తగలకూడదు. చెమట పట్టే పని తగ్గించాలి. గోకకూడదు, పక్కు గిల్లకూడదు. వైద్యపరంగా ఇవన్నీ సరైన మాటలే. పక్కుని ముందే లాగేస్తే కింది సిరా కూడా కొంత ఊడి వస్తుంది, అక్కడ మచ్చ మిగులుతుంది. అయినా సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ కాగితాన్ని కూడా ఒక రచనగానే చదివాను. దాని పాఠకుడెవరు? అంట్లు తోమని, బట్టలు ఉతకని, బిడ్డకి నీళ్ళు పొయ్యని, ఎండలో బస్సు కోసం నిలబడని మనిషి. రెండు వారాలు నీళ్ళలో చెయ్యి నానకుండా బతకగలిగిన స్త్రీలు మన దేశంలో ఎంతమంది? ఆ కాగితంలో ఆడ, మగ అన్న మాటే రాదు. కులం మాట రాదు. అయినా అది ఎవరికి పనికొస్తుందో అడిగితే రెండూ బయటపడతాయి. అది పాటించడానికి నాకు వీలైంది. మా ఇంట్లో పనికి వచ్చే ఆమె చేతులు ఆ పదిహేను రోజులూ రోజుకి నాలుగు గంటలు నీళ్ళలోనే ఉన్నాయి.

మొదటి రెండు రోజులు చెయ్యి వేడిగా ఉండి, సిరా కలిసిన రసి కారింది. నాలుగోరోజుకి చర్మం ఎండి బిగిసింది. ఆరోరోజు నుంచి నల్లటి పొట్టు రాలడం మొదలైంది. దిండు గలీబు మీద, పుస్తకం పేజీల మధ్య. గీత మందంగా ఉన్న తోక దగ్గర పక్కు కట్టింది. బొమ్మే రాలిపోతోందనిపించే రోజులవి. స్టాఫ్‌రూములో ఒకరిద్దరు ‘ఎగ్జిమానా’ అని అడిగి కాస్త దూరంగా జరిగారు. పచ్చబొట్టుని మెచ్చుకునేవాళ్ళున్నారు, తప్పుపట్టేవాళ్ళున్నారు. పొట్టు రేగుతున్న చర్మాన్ని ఇద్దరూ చూడలేరు. స్త్రీ చర్మం నున్నగా ఉండాలి, లేదా నున్నగా అయ్యేదాకా దాక్కోవాలి.

ఈ దాక్కోమనే ఆజ్ఞని ఎదిరించిన రచన ఆడ్రె లార్డ్ 1980లో ప్రచురించిన ‘ద క్యాన్సర్ జర్నల్స్’. రొమ్ము తీసేశాక ఆమె కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, ఇలా వస్తే ఆఫీసు మనోధైర్యం దెబ్బతింటుందని అక్కడి నర్సు అంటుంది. దాదాపు ఆ కాలంలోనే, 1970ల చివర్లో, కవయిత్రి డీనా మెట్జ్‌గర్ తన శస్త్రచికిత్స మచ్చ మీద పచ్చబొట్టు వేయించుకుని, చేతులు బార్లా చాపి ఫోటో తీయించుకుంది. హెలా హామిడ్ తీసిన ఆ ఫోటో పోస్టరుగా ఎంతోమందికి చేరింది. రెండూ నాకు ఇష్టమైనవే. అయితే ఫోటోలో ఉన్నది మానిన తర్వాతి శరీరం. లార్డ్ పుస్తకంలో డైరీ ఉంది. డైరీకి తేదీలుంటాయి, నొప్పి తగ్గని రోజు కూడా నమోదవుతుంది. మానడాన్ని రాయడానికి పోస్టరు కంటే డైరీ మంచి ప్రక్రియ అని నేననుకోవడానికి కారణం అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని తప్పించుకుంటే ఈ వాదన అంతా గాయాలు మానడాన్ని కీర్తించడంగా మిగిలిపోతుంది. శరీరానికి అక్షరాలు రావు. ప్రేమతో వేయించుకున్న పేరునీ, బలవంతంగా పొడిచిన తిట్టునీ అది ఒకే తీరున మాన్పుతుంది. వలస ప్రభుత్వం మన దేశంలో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద పచ్చబొట్టు పొడిపించేది, 1849లో గానీ అది రద్దు కాలేదు. దేశవిభజన కాలంలో అపహరించిన స్త్రీల ఒంటి మీద నినాదాలు, మత చిహ్నాలు పొడిచిన సంగతి 1998లో వచ్చిన ఊర్వశీ బుటాలియా పుస్తకమూ, రీతూ మీనన్, కమలా భసీన్‌ల పుస్తకమూ నమోదు చేశాయి. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు స్త్రీల నుదుటి మీద ‘జేబుదొంగ’ అనే అర్థం వచ్చే పంజాబీ మాట పొడిపించారు. అందుకు బాధ్యులైన పోలీసులను సీబీఐ కోర్టు దోషులుగా తేల్చింది 2016లో. ఇరవైమూడేళ్ళు. ఆ నుదుళ్ళ మీద పక్కు కట్టి రాలడానికి మాత్రం రెండు వారాలే పట్టి ఉంటుంది. ఒళ్ళు తన పని తాను చేసుకుపోయింది, ఆ పని వల్లనే తిట్టు స్థిరపడింది. అది పోవాలంటే మళ్ళీ శస్త్రచికిత్సే, అంటే ఇంకో గాయమే దిక్కు. కాబట్టి మానడం వేరు, న్యాయం జరగడం వేరు. గాయం మానింది కదా అని స్త్రీలను మాట్లాడొద్దనే వాళ్ళకి ఇవ్వవలసిన జవాబు కూడా ఇదే.

పచ్చబొట్టు ఎందుకు నిలుస్తుందన్న దానికి సైన్సు చెప్పే వివరణ ఈ చిక్కుని ఇంకొంచెం తేటపరుస్తుంది. సూది పైచర్మాన్ని దాటి లోపలి చర్మంలో సిరా పెడుతుంది. రాలిపోయే పొట్టంతా పైచర్మానిదే, అందులో చిక్కుకున్న సిరాతో సహా. లోపలి సిరాని బయటి పదార్థంగా గుర్తించి మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఫ్రాన్సులో మార్సెయ్ పరిశోధకులు 2018లో ఎలుకల మీద చేసిన అధ్యయనంలో తేలిందేమంటే, ఆ కణాలు చనిపోయినప్పుడు సిరా బయటపడుతుంది, కొత్తగా వచ్చిన కణాలు దాన్ని మళ్ళీ పట్టుకుంటాయి. అంటే చెరగని గుర్తు అని మనం అనుకునేది, ఒక తరం కణాలు పోతూ ఇంకో తరానికి అప్పగిస్తూ ఉంటేనే నిలుస్తోంది. శాశ్వతంగా కనిపించేదాని వెనక ఎడతెగని పోషణ ఉంది. పితృస్వామ్యపు రాతల విషయంలోనూ ఇది ఆలోచించవలసిన మాటే. అవి ఒకసారి రాసి వదిలేసినవైతే ఎప్పుడో చెరిగేవి. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఎవరో ఒకరు అందిస్తూ ఉండబట్టే ఉన్నాయి. అందించకుండా ఉండే వీలు కణాలకు లేదు. మనకు ఉంది.

తెలుగు స్త్రీవాద కవిత్వానికి ఈ పచ్చితనం కొత్త కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు వచ్చినప్పుడు వాటిని అసహ్యమన్నారు, అశ్లీలమన్నారు. మాతృత్వాన్ని ఫలితంగా కొలిచే సంప్రదాయానికి, కవిత్వం ప్రసవపు గదిలోకి వెళ్ళడం మింగుడుపడలేదు. 1993లో ‘నీలి మేఘాలు’ సంకలనం వచ్చేనాటికి ఆ గదులు మన సాహిత్యంలో భాగమయ్యాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చింది. శరీరం గురించి మాట్లాడుతున్నప్పుడు ఎవరి శరీరం, ఎవరి పొలంలో, ఎవరి పని చేస్తూ అని అడక్కుండా ముందుకు పోలేని స్థితి వచ్చింది. సృజన అంత దూరం వెళ్ళాక, మన విమర్శ ఇంకా మానిన గుర్తుల దగ్గరే ఆగిపోవడం సరికాదు.

నా ప్రతిపాదన పెద్దదేం కాదు. శరీరం మీద రాత కనిపించిన ప్రతిచోటా ‘ఏం రాశారు, ఎవరు రాశారు’ అని అడుగుతున్నాం. దానికి ఇంకో రెండు ప్రశ్నలు చేర్చుదాం. అది పచ్చిగా ఉన్నన్నాళ్ళూ ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు? ఆ మనిషికి పని తప్పిందా, తప్పలేదా? ఈ ప్రశ్నలతో చదివితే తానిజాకి కథలో మూసిన తలుపు, కింగ్‌స్టన్ పుస్తకంలో తడిగుడ్డ, ముందు వరసలోకి వస్తాయి.

అమెరికన్ రచయిత్రి షెల్లీ జాక్సన్ 2003లో ‘స్కిన్’ అనే కథ మొదలుపెట్టింది. అందులో 2095 మాటలు. ఒక్కో మాటని ఒక్కో మనిషి ఒంటి మీద పచ్చబొట్టుగా అచ్చువేయడమే దాని ప్రచురణ. పాల్గొన్నవాళ్ళని ఆమె ‘మాటలు’ అనే పిలిచింది, వాళ్ళు చనిపోతే కథలో ఆ మాట పోయినట్టే. దాని మీద చర్చంతా మృత్యువు చుట్టూ జరిగింది. కానీ ఆ కథలో ప్రతి మాటా ముందు ఒక పుండు. ఒక్కో ఇంట్లో, ఒక్కో రకం పనుల మధ్య అది పక్కు కట్టింది, రాలింది. కొన్ని మాటలు తేటగా తేలి ఉంటాయి, కొన్ని అక్కడక్కడా మసకబారి ఉంటాయి. ఆ మసకల్ని అచ్చుతప్పులుగా చూసే విమర్శకురాలికి కథ సగమే అందుతుంది. మిగతా సగం కోసం, ఆ పదిహేను రోజులు నీ చేతులు ఎక్కడున్నాయి అని ఒక్కో మాటనీ అడగాలి.